పరిహారం ఇస్తే రుజువైనట్టేనా?

2017 ఆగస్టు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తట్టు-రుబెల్లా టీకాల కార్యక్రమం జరుగుతున్న రోజులు. తొమ్మిది నెలల పిల్లల దగ్గర్నుంచి పదిహేనేళ్ళ లోపు వాళ్ళందరికీ బళ్ళలో, అంగన్‌వాడీల్లో సూదులు వేస్తున్నారు. సూది కంటే వేగంగా పుకార్లు తిరుగుతున్నాయి. ఆడపిల్లలకు వేస్తే పిల్లలు పుట్టరని ఒకటి, ఇది విదేశీ కుట్ర అని ఇంకొకటి. ఈ పుకార్లను ఎదుర్కోవాలని మా హేతువాద సంఘం ఒక చిన్న పట్టణంలో గ్రంథాలయం హాలు తీసుకుని సభ పెట్టింది. వక్తను నేనే.

ఓ అరగంట మాట్లాడాను. మశూచిని అమ్మవారు అనుకుని వేపమండలు కట్టుకున్న రోజుల నుంచి మొదలుపెట్టి, 2011 జనవరిలో హౌరాలో నమోదైన కేసుతో మన దేశంలో సహజ పోలియో ఆగిపోవడం దాకా చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ప్రశ్నలకు సమయం ఇవ్వగానే ఒక మాస్టారు లేచారు.

"అమెరికాలో ఒక పాపకి టీకాల వల్లే జబ్బు వచ్చిందని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుని పదిహేను లక్షల డాలర్లు ఇచ్చిందట. నిజమేనాండీ?"

"అబద్ధం మాస్టారూ. ఫోన్లో వచ్చేవన్నీ నమ్మకండి," అన్నాను. తడుముకోలేదు కూడా.

వెనక వరసలోంచి ఒకామె లేచి, "మావాడికి ఏడాదిన్నరప్పుడు బూస్టర్ వేయించిన రాత్రే ఫిట్స్ వచ్చాయి సార్," అంది. నేను కాకతాళీయం గురించి చెప్పాను. కాకి వాలింది, తాటిపండు పడింది, కాకి వల్లే పడిందనుకుంటే ఎలాగమ్మా అన్నాను. జనం నవ్వారు. ఆమె కూర్చుంది.

వారం తర్వాత మాస్టారు ఫోన్ చేశారు. "మీరు చెప్పింది తప్పండీ. నేను వెతికి చూశాను. ఇచ్చారు," అన్నారు. కోపంగా కాదు, పిల్లవాడి లెక్క తప్పయితే చెప్పినట్టు చెప్పారు. నేనూ వెతికాను. నిజమే, ఇచ్చారు. రెండో జవాబు సంగతి ఇంకా దారుణం. డీపీటీ టీకా తర్వాత జ్వరం, ఆ జ్వరంతో ఫిట్స్ రావడం వైద్య గ్రంథాల్లో ఉన్న విషయమే. 1980 ప్రాంతంలో అమెరికాలో చేసిన పెద్ద పరిశీలనలో సుమారు 1750 డోసులకు ఒకటి చొప్పున ఫిట్స్ కనబడ్డాయి. దాదాపు అన్నీ ఏ హానీ మిగల్చకుండా తగ్గిపోయేవే. కానీ కాకీ, తాటిపండూ కాదు. ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. ఆధారం లేకుండా మాట్లాడింది నేను.

అప్పటినుంచి ఈ పరిహారాల చరిత్ర తీరిక దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. టీకాల వ్యతిరేకులు "డబ్బిచ్చారు కాబట్టి ఒప్పుకున్నట్టే" అంటారు. మనవాళ్ళు "అసలేమీ ఇవ్వలేదు" అంటారు, లేకపోతే "లాయర్ల మాయ" అని కొట్టిపారేస్తారు. ఈ రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలియాలంటే అమెరికాలో ఆ దావాలు ఎలా పుట్టాయో, ఎలా తేలాయో చూడాలి.

1955 ఏప్రిల్ 12న జోనాస్ సాక్ తయారుచేసిన పోలియో టీకా పనిచేస్తుందని ప్రకటించారు. రెండు వారాలు తిరక్కుండానే సూది వేసిన పిల్లల్లో కొందరికి చెయ్యి, కాలు చచ్చుబడుతున్నట్టు కబుర్లు వచ్చాయి. కాలిఫోర్నియాలో బర్క్‌లీ ఊరి కట్టర్ లేబరేటరీస్ తయారుచేసిన సీసాలు కొన్నిటిలో వైరస్ పూర్తిగా చావలేదు. ఫార్మాలిన్‌తో చంపిన వైరస్ ఉండవలసిన చోట బతికున్న వైరస్ ఉంది. సుమారు 200 మంది పిల్లలకు ఏదో ఒక స్థాయిలో పక్షవాతం వచ్చింది. 10 మంది చనిపోయారు. ఇది పుకారు కాదు, కుట్ర సిద్ధాంతమూ కాదు. టీకాల చరిత్రలో జరిగిన నిజమైన ఘోరం. దీన్ని దాచిపెట్టి టీకాల గురించి ప్రచారం చేసేవాడు ఏదో ఒకరోజు నాలాగే దొరికిపోతాడు.

దెబ్బతిన్న పిల్లల్లో ఇద్దరి తరఫున మెల్విన్ బెల్లై అనే పేరుమోసిన లాయరు దావా వేశాడు. 1958 జనవరిలో జ్యూరీ ఇచ్చిన తీర్పు విచిత్రంగా ఉంటుంది. అప్పటికి తెలిసిన శాస్త్రం ప్రకారం కంపెనీ నిర్లక్ష్యంగా ప్రవర్తించినట్టు రుజువు కాలేదన్నారు. అయినా వాడటానికి పనికొస్తుందని అమ్మిన సరుకు హాని చేసింది కాబట్టి డబ్బు కట్టాల్సిందే అన్నారు. మొత్తం 1,47,300 డాలర్లు. 1960లో పై కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. తప్పు లేకపోయినా బాధ్యత ఉంటుందన్న ఈ సూత్రం న్యాయమైనదేనని నాకు అనిపిస్తుంది. ఊరందరి మేలు కోసం వేసిన సూదితో ఒక ఇంట్లో పిల్లవాడు కుంటివాడైతే, ఆ భారం ఆ ఒక్క ఇల్లే ఎందుకు మోయాలి?

కానీ ఆ సూత్రాన్ని మామూలు దావాలకు, జ్యూరీలకు, లాయర్లకు వదిలేస్తే ఏమవుతుందో తర్వాత ముప్పై ఏళ్ళు చూపించాయి. 1970లో టెక్సస్‌లో ఒక పసిబిడ్డకు చుక్కల మందు వేసిన రెండు వారాలకు పోలియో వచ్చింది. అదే సమయంలో ఆ చుట్టుపక్కల పోలియో వ్యాపించి ఉంది. బయటి వైరస్ వల్లే వచ్చిందని సాక్ష్యం చెప్పిన నిపుణులున్నారు. అయినా వైయెత్ కంపెనీ తల్లిదండ్రులను ముందే హెచ్చరించలేదన్న కారణం మీద 1974లో పై కోర్టు రెండు లక్షల డాలర్ల పరిహారాన్ని సమర్థించింది. 1976లో స్వైన్ ఫ్లూ భయం వచ్చినప్పుడు బీమా కంపెనీలు వెనక్కి తగ్గాయి. ఆ టీకా మీద వచ్చే దావాలన్నిటికీ తానే జవాబుదారీ అని ప్రభుత్వం చట్టం చేస్తే గాని మందు కదల్లేదు. నాలుగు కోట్ల మందికి పైగా వేశారు. మహమ్మారి రాలేదు. లక్షకు ఒకరి చొప్పున గీయాన్-బారే అనే నరాల జబ్బు మాత్రం అదనంగా వచ్చింది. డిసెంబరులో కార్యక్రమం ఆపేశారు.

అసలు తుఫాను కోరింత దగ్గు టీకాతో వచ్చింది. డీపీటీలో మధ్య అక్షరం అదే. 1982లో వాషింగ్టన్‌లోని ఒక టీవీ కేంద్రం ఈ టీకా వల్ల పిల్లల మెదడు పాడవుతోందంటూ ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. అంతకుముందు ఏడాదికి ఒకటో రెండో ఉండే డీపీటీ దావాలు 1986లో 255కు చేరాయి. సెంట్లలో దొరికే డోసు ధర పది డాలర్లు దాటింది. కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. 1984 చివరికి ఎంత కొరత వచ్చిందంటే, పెద్ద పిల్లల బూస్టర్లు వాయిదా వేసి పసిపిల్లలకే మందు మిగల్చమని డాక్టర్లకు ప్రభుత్వ సంస్థే చెప్పాల్సి వచ్చింది. దావా గెలిచిన కొద్దిమందికి లక్షల డాలర్లు వచ్చాయి. మిగతావాళ్ళకు ఏమీ లేదు. అందరి పిల్లలకూ టీకా కరవైంది.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక విషయం చెప్పాలి. 1986లో వచ్చిన పరిహార చట్టం కోసం గట్టిగా పట్టుబట్టిన వాళ్ళలో ఆ టీవీ కార్యక్రమం చూసి సంఘం పెట్టుకున్న తల్లిదండ్రులూ ఉన్నారు, పిల్లల డాక్టర్ల సంఘమూ ఉంది. ఎదురెదురుగా నిలబడ్డవాళ్ళు ఒకే చట్టం అడిగారు. ఆ ఏడాది నవంబరు 14న రీగన్ సంతకం చేశాడు. 1988 అక్టోబరు 1 నుంచి పథకం అమల్లోకి వచ్చింది.

పథకం సంగతి కాస్త వివరంగా చెబుతాను. మన వాదనంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

ప్రతి డోసు ధరలో, అది నివారించే ఒక్కొక్క జబ్బుకు 75 సెంట్ల చొప్పున పన్ను ఉంటుంది. మూడు జబ్బుల టీకా అయితే రెండుంబావు డాలర్లు. ఆ డబ్బంతా ఒక నిధిలో పడుతుంది. నష్టపోయానన్న వ్యక్తి కంపెనీ మీద కాకుండా ఆరోగ్యశాఖ మీద వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో అర్జీ పెట్టుకుంటాడు. జ్యూరీ ఉండదు. స్పెషల్ మాస్టర్లనే న్యాయాధికారులు వింటారు. చనిపోతే రెండున్నర లక్షల డాలర్లు. బతికుంటే వైద్యానికి, సంరక్షణకు, పోయిన సంపాదనకు లెక్కగట్టి ఇస్తారు. బాధకు విడిగా ఇచ్చేది రెండున్నర లక్షలు దాటకూడదు. లాయరు ఫీజు అర్జీదారు జేబులోంచి కాదు, వచ్చిన పరిహారంలోంచీ కాదు, అదే నిధి నుంచి విడిగా ఇస్తారు. అర్జీ నిజాయితీగా, సబబైన ఆధారంతో వేసినదైతే ఓడినా ఇస్తారు. మన ప్రమాదం కేసుల్లో లాయరు వాటా సంగతి తెలిసినవాళ్ళకు ఈ మాట ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

చట్టంతో పాటు ఒక పట్టిక ఉంది. ఏ టీకా తర్వాత ఎంత సమయంలోపు ఏ హాని కనబడితే అది టీకా వల్లే అని భావించాలో అందులో రాసి ఉంటుంది. ధనుర్వాతం టీకా వేసిన నాలుగు గంటల్లోపు తీవ్రమైన అలర్జీతో మనిషి కూలిపోతే ఇక రుజువు అడగరు. వేరే కారణం ఉందని ప్రభుత్వమే చూపించాలి. పట్టికలో లేని హాని అయితే అర్జీదారు రుజువు చేసుకోవాలి. ఆ రుజువు ఎంత? శాస్త్ర పత్రికలు అడిగేంత కాదు. "కాకపోవడం కంటే అయ్యుండటమే ఎక్కువ సంభావ్యం" అనిపిస్తే చాలు. త్రాసు సగానికి కాస్త మొగ్గితే చాలన్నమాట. 2005లో ఆల్తెన్ అనే కేసులో పై కోర్టు దీన్ని ఇంకా వివరంగా చెప్పింది. ఇలా జరిగి ఉండొచ్చని చెప్పే వైద్య సిద్ధాంతం ఒకటి, దానికీ ఈ మనిషి జబ్బుకూ మధ్య తర్కబద్ధమైన లంకె, సబబైన కాలవ్యవధి. ఈ మూడూ ఉండాలంది. పరిశోధనా పత్రాలు తేవాల్సిందేనని బలవంతం చెయ్యకూడదంది. టీకాలు శరీరంలో చేసే పనంతా సైన్సుకు ఇంకా తెలియదు కాబట్టి సందేహం ఉంటే దాని లాభం అర్జీదారుకే ఇవ్వాలని ఆ చట్టం ఉద్దేశం.

ఇక రాజీ. మనవాళ్ళూ, వాళ్ళూ పొరబడేది ఇక్కడే. పరిహారం మూడు దారుల్లో వస్తుంది. ప్రభుత్వం ఒప్పుకోవచ్చు. స్పెషల్ మాస్టర్ విని తీర్పు ఇవ్వొచ్చు. లేదా రెండు పక్షాల లాయర్లూ కూర్చుని ఒక మొత్తానికి రాజీ పడొచ్చు. 2006 తర్వాత పరిహారం పొందిన కేసుల్లో సుమారు 60 శాతం ఈ మూడో రకం. ఆ రాజీ పత్రం చదివితే ఆశ్చర్యంగా ఉంటుంది. ఫలానా తేదీన ఫలానా టీకా వేశారు, దానివల్ల తనకు ఈ జబ్బు వచ్చిందని అర్జీదారు అంటున్నాడు, టీకా వల్ల రాలేదని ప్రభుత్వం అంటోంది, ఎవరి మాట మీద వాళ్ళు ఉంటూనే ఇంత మొత్తం ఇచ్చి పుచ్చుకుని వివాదం ముగించుకుంటున్నారు. సారాంశం ఇంతే. ప్రభుత్వం దేన్నీ ఒప్పుకున్నట్టు భావించకూడదని కూడా అందులోనే ఉంటుంది. స్పెషల్ మాస్టర్ దాన్ని తన ఉత్తర్వుగా స్వీకరిస్తాడు. నిధి నుంచి చెక్కు వస్తుంది.

ఒప్పుకోనప్పుడు డబ్బెందుకు ఇస్తున్నారని అడగొచ్చు. లోక్ అదాలత్ చూసినవాళ్ళు అడగరు. లారీ గుద్దిందా, మోటారు సైకిలే అడ్డం వచ్చిందా అని పదేళ్ళు కొట్లాడే బదులు బీమా కంపెనీ ఇంత ఇస్తాను సరేనా అంటుంది, ఇంటాయన పోయిన కుటుంబం సరే అంటుంది. ఆ కాగితం తీసుకెళ్ళి లారీ డ్రైవరుదే తప్పని ఎవరైనా చూపిస్తే జడ్జి నవ్వుతాడు. అమెరికాలోనూ కారణాలు ఇవే. ఇద్దరికీ ఓడిపోయే భయం, నిపుణుల ఖర్చు, కాలం. కేసు ముగిసిందని చెప్పడానికే ఆ సంతకాలు. టీకా ఏం చేసిందో, ఏం చెయ్యలేదో వాటితో తేలదు.

ఇప్పుడు మాస్టారు అడిగిన పాప సంగతి. జార్జియా రాష్ట్రం. 2000 జూలైలో, పందొమ్మిది నెలల వయసులో, ఒకే రోజు ఐదు సూదుల్లో తొమ్మిది జబ్బుల టీకాలు వేశారు. తర్వాత జ్వరం, ఏడుపు, క్రమంగా ఎదుగుదల వెనక్కి పోవడం. ఆ పాపకు కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ముందునుంచే లోపం ఉంది. టీకాలు ఆ లోపాన్ని పెంచాయని, దానివల్ల మెదడు దెబ్బతిని ఆటిజం లక్షణాలు కొన్ని కనబడ్డాయని 2007 నవంబరులో ప్రభుత్వం ఒప్పుకుంది. 2008 మార్చిలో ఇది బయటికి వచ్చింది. 2010లో 15 లక్షల డాలర్ల పైచిలుకు, ఆపైన జీవితాంతం సంరక్షణకు ఏటా సొమ్ము ఖాయమైంది.

ఇది రాజీ కాదు, మొదటి రకం, ఒప్పుకోలు. మాస్టారు అన్నది అక్షరాలా నిజం. అయితే ఏం ఒప్పుకున్నారు? ముందే ఉన్న ఒక అరుదైన లోపం ఒక పాపలో ముదిరిందని, దానికి చట్టం ప్రకారం పరిహారం ఇవ్వొచ్చని. టీకాలు ఆటిజం తెస్తాయని కాదు. ఆ ప్రశ్నను అదే కోర్టు విడిగా విచారించింది. ఐదు వేలకు పైగా ఆటిజం అర్జీలు పోగయ్యాయి. వాటిలోంచి నమూనా కేసులు తీసుకుని 2007 జూన్ నుంచి విన్నారు. సగానికి కాస్త మొగ్గితే చాలన్న ఆ మెత్తని త్రాసులో పెట్టి కూడా 2009 ఫిబ్రవరిలో ముగ్గురు స్పెషల్ మాస్టర్లు, విడివిడిగా రాసిన తీర్పుల్లో, ఆధారం లేదన్నారు. 2010 మార్చిలో పాదరసం వాదన మీదా అదే తీర్పు. 1998లో ఎమ్మెమ్మార్ టీకా మీద మంట పెట్టిన వేక్‌ఫీల్డ్, కంపెనీల మీద దావా వేయబోతున్న లాయరు దగ్గర ముందే డబ్బు తీసుకున్నాడని బ్రయన్ డీర్ అనే విలేఖరి బయటపెట్టాడు. ఆ వ్యాసాన్ని 2010లో లాన్సెట్ ఉపసంహరించుకుంది. 15 లక్షల డాలర్ల సందేశం పంపేవాళ్ళు ఈ ఐదు వేల అర్జీల మాట ఎత్తరు. నేను ఆ సభలో ఇది చెప్పి ఉండాల్సింది. తెలియక, తెలియదని చెప్పడం ఇష్టంలేక, అబద్ధం అన్నాను.

డబ్బు ఒక దారిన, సైన్సు ఒక దారిన పోయిన సందర్భానికి ఇంతకంటే మంచి ఉదాహరణ డీపీటీలోనే ఉంది. మొదటి పట్టికలో, టీకా వేసిన మూడు రోజుల్లో ఫిట్స్ మొదలై ఆగకుండా మూర్ఛరోగంగా మారితే అది టీకా హానే అని ఉండేది. ఎందరో పిల్లలకు ఆ లెక్కన పరిహారం ఇచ్చారు. ఈలోపు పరిశీలనలు పెరిగాయి. 1988లో లండన్‌లో లవ్‌డే కేసు విన్న న్యాయమూర్తి, ఈ టీకా శాశ్వతంగా మెదడును పాడుచేస్తుందన్నది రుజువు కాలేదన్నాడు. 1995లో అమెరికా పట్టికలోంచి ఆ మూర్ఛను తీసేశారు. 2006లో ఆస్ట్రేలియా వైద్యుడు శామ్యూల్ బెర్కోవిక్ బృందం, టీకా వల్లే మెదడు పాడైందని చెప్పిన 14 మందిని జన్యు పరీక్ష చేస్తే 11 మందిలో ఎస్‌సీఎన్1ఎ అనే జన్యువులో మార్పు దొరికింది. డ్రావే సిండ్రోమ్ అనే జబ్బు అది. పుట్టుకతోనే ఉంది. మొదటి ఏడాదిలో ఏదో ఒక జ్వరానికి మొదటి ఫిట్ వస్తుంది. టీకా జ్వరం కాకపోతే జలుబు జ్వరం.

అంటే అలా డబ్బు తీసుకున్న కుటుంబాల్లో కొన్నిటికి అసలు కారణం టీకా కాకపోయి ఉండొచ్చు. వాళ్ళను మోసగాళ్ళనడానికి నాకు నోరు రాదు. రాత్రికి రాత్రి మారిపోయిన బిడ్డను ఆ తల్లులు నిజంగానే చూశారు. ఎందుకు అన్నది పాతికేళ్ళ తర్వాత ప్రయోగశాల చెప్పింది. అంతదాకా ఆ బిడ్డను ఎవరో ఒకరు సాకాలి కదా.

పథకం గొప్పదని పొగడటం నా ఉద్దేశం కాదు. తగవులు లేకుండా తేలుతుందని పెట్టిన చోట ఏళ్ళ తరబడి కేసులు నడుస్తున్నాయి. రెండున్నర లక్షల పరిమితి 1986లో పెట్టింది, దశాబ్దాలు గడిచినా కదల్లేదు. టీకా రూపకల్పనలోనే లోపముందని కంపెనీ మీద మామూలు కోర్టులో వేసే దావాలకు 2011లో సుప్రీంకోర్టు తలుపు మూసేసింది. కోవిడ్ టీకాలను ఈ కోర్టుకు కాకుండా వేరే పథకానికి అప్పగించారు. అక్కడ ఏడాదిలోపే అర్జీ పెట్టాలి, లాయరు ఫీజు ఇవ్వరు. అయినా ఒక లెక్క చూడండి. 2006 నుంచి ఈ కోర్టు పరిధిలో పంపిణీ అయిన ప్రతి పది లక్షల డోసులకు సుమారు ఒకరు పరిహారం పొందారు. అందులో పెద్ద భాగం భుజంలో సూదిని మరీ పైకి గుచ్చడం వల్ల వచ్చే కీలు నొప్పిలాంటివి. 2017లో దాన్నీ పట్టికలో చేర్చారు. టీకాల వ్యతిరేకులు తమ సాక్ష్యంగా చూపించే కోర్టు లెక్కలే టీకాలు ఎంత సురక్షితమో చెబుతున్నాయి. ఆ లెక్క మనకు దొరికింది కూడా డబ్బు ఇచ్చే ఏర్పాటు ఉండబట్టే.

మన దగ్గర? 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ప్లేగు టీకా వేసుకున్న 107 మందిలో ఒకే సీసాలోంచి తీసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. టీకా కనిపెట్టిన హాఫ్కిన్ మీద నింద పడింది. ఊళ్ళో కిందపడ్డ పటకారును సరిగా శుద్ధి చెయ్యకుండా సీసా మూత తీయడానికి వాడారన్న విషయం బయటపడి, రోనాల్డ్ రాస్ వంటివాళ్ళు పోరాడి 1907లో ఆయనకు న్యాయం చేశారు. మనం ఆ కథను సైన్సు విజయంగా చెప్పుకుంటాం. నేను చదివిన చోటల్లా హాఫ్కిన్‌కు జరిగిన అన్యాయం గురించి పేజీలు ఉన్నాయి. ఆ 19 ఇళ్ళ గురించి వాక్యం లేదు.

దగ్గరి కాలానికి వద్దాం. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. గుజరాత్‌లోనూ అలాంటిదే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ సంఘం ఆ మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చంది. నీళ్ళలో పడి ఒకరు, పాముకాటుతో ఒకరు, పురుగుమందు, మలేరియా. కాకతాళీయమే. మనలో చాలామంది అక్కడ ఆగిపోయాం, నేనూ ఆగిపోయాను. అదే విచారణలో, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలో, మిగతాది ఉంది. హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టారు. ఆ పిల్లలకు బీమా లేదు. ఏదైనా జరిగితే నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదు. టీకా మంచిదే. పిల్లల పట్ల నడిచిన తీరు మంచిది కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకే నోటితో చెప్పడం మనకు ఎందుకో కష్టంగా ఉంటుంది.

ఔషధ ప్రయోగాల్లో పాల్గొని నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇవ్వాలని 2013లో నియమం వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ విఫలమైనా, ప్రాణం పోయినా డబ్బిచ్చే బీమా పథకం 2005లోనే ఉంది. ఎవరి తప్పన్నది చూడకుండా పరిహారం ఇవ్వడం మోటారు వాహనాల చట్టంలోకి 1982లోనే వచ్చింది. సూత్రం మనకు కొత్తది కాదు. కానీ కోవిడ్ టీకా తర్వాత కూతుళ్ళను పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళితే, 2022 నవంబరులో కేంద్రం ఇచ్చిన అఫిడవిట్ మరోలా ఉంది. టీకా వేసుకోవడం స్వచ్ఛందం, నష్టం జరిగితే సివిల్ కోర్టుకు వెళ్ళవచ్చు అంది. అంటే 1958 నాటి కాలిఫోర్నియా పద్ధతి, బెల్లై లాంటి లాయరు లేకుండా.

దీన్ని అడగాల్సింది మనమే అని నా వాదన. టీకా ప్రమాదకరమని నమ్మేవాడు అడిగితే ఆరోపణగా వినబడుతుంది. టీకా మేలు చేస్తుందని ఊరూరా తిరిగి చెప్పేవాడు అడిగితే అది బాధ్యత. మా సంఘంలో ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. "పరిహారం అంటే చాలు, జనం హాని ఉందనుకుంటారు. పుకార్లకు నువ్వే నూనె పోస్తున్నావు," అన్నారు. అమెరికాలో జరిగినదాన్ని బట్టి ఆయన భయం పూర్తిగా ఉత్తది కాదు. మాస్టారి ఫోన్లోకి వచ్చిన సందేశం అలా పుట్టిందే. కానీ నేను చెప్పిన అబద్ధం ఆ సందేశానికి చేసిన సాయం ఇంకా పెద్దది. వారం తిరక్కుండా పట్టుబడింది కదా.

ఆ ఊరు మళ్ళీ వెళ్ళాను. సభ పెట్టలేదు. మాస్టారు ఆ ఇల్లు చూపించారు. ఆ రోజు నేను చెప్పింది తప్పమ్మా, జ్వరంతో అలా ఫిట్స్ రావడం ఉంది, అది టీకా జ్వరమే అయ్యుండొచ్చు అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకు తెలుసు కదా సార్, నేను పక్కనే ఉన్నాను," అంది. పిల్లవాడికి మళ్ళీ రాలేదట. బడికి పోతున్నాడు. రెండోవాడికి అన్ని సూదులూ వేయించింది. ముందే ఏఎన్‌ఎమ్మును అడిగి, జ్వరం మందు ఎంత వెయ్యాలో తెలుసుకుని ఇంట్లో పెట్టుకుని మరీ వేయించింది. నా ఉపన్యాసం వినకముందే.

అమెరికా పద్ధతి గురించి కొంచెం చెప్పాను. శ్రద్ధగా వింది. "మావాడికి ఆ రాత్రి ఏదైనా అయ్యుంటే ఇక్కడ ఎవరిని అడగాలి సార్?" అంది. సివిల్ కోర్టు అన్నాను. అది ఏ ఊళ్ళో ఉంటుందని అడిగింది.